ఫ్రెంచి సేనాని బుస్సీని వెనక్కి పిలవకపోతే ఉత్తర సర్కారులు (కోస్తా జిల్లాలు) ఫ్రెంచివాళ్ళకే మిగిలేవా?

గోదారిగట్టు:
సైన్యం జీతాల కింద 1753లో నిజాం సలాబత్ జంగ్ దగ్గర బుస్సీ రాయించుకున్న సర్కారులివి: కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం. 1758లో ఫ్రెంచివాళ్ళ కొత్త సేనాధిపతి లాలీ పుదుచ్చేరిలో దిగి, మద్రాసు మీదికి పోదాం రమ్మని బుస్సీని పిలిపించుకున్నాడు. బుస్సీ చోట ఉన్న కాన్‌ఫ్లాన్స్ ఏడాది తిరక్కుండానే బందరుతో సహా పోగొట్టాడు. తప్పంతా లాలీదే. ఇందులో వాదించడానికేముంది?

కోటబురుజు:
చాలా ఉంది. బుస్సీ ఉండగానే పునాది కదిలింది. 1757 జనవరిలో విజయనగరం రాజు విజయరామరాజు మాట పట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్ళాడు. కోట పడ్డాక ఆ విజయరామరాజే తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. తర్వాత విజయనగరం గద్దెకు వచ్చిన ఆనందగజపతికి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. 1758లో విశాఖ లాక్కుని కలకత్తాలోని ఇంగ్లిషువాళ్ళకు కబురంపాడు. క్లైవ్ 500 మంది తెల్ల సైనికులను, 2,000 మంది సిపాయిలను ఇచ్చి కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు.

గోదారిగట్టు:
బుస్సీ దక్కనులో ఉన్నన్నాళ్ళూ ఆ కబురు ఎందుకు పోలేదు మరి?

పాతరేవు:
ఇద్దరూ డబ్బు సంగతి వదిలేశారు. ముందు చందుర్తి యుద్ధం చూడండి, 1758 డిసెంబరు. బెంగాల్ సిపాయిలకు ఎర్రకోటులున్నాయి. కాన్‌ఫ్లాన్స్ వాళ్ళనే తెల్ల పటాలం అనుకుని మీదపడ్డాడు. సిపాయిలు చెదిరారు, ఫ్రెంచివాళ్ళు వరస తప్పి తరిమారు. ఏపుగా పెరిగిన చేను చాటున ఉన్న అసలు తెల్ల పటాలం పక్కనుంచి వచ్చి కొట్టింది.

గెలిచిన ఫోర్డ్ వెంటనే బందరు పోలేకపోయాడు. నెలకు 50,000 రూపాయలిస్తానన్న ఆనందగజపతి సొమ్ము ఇవ్వలేదు, ఫోర్డ్ వారాలకు వారాలు అక్కడే ఆగిపోయాడు. 1759 మార్చిలో బందరు చేరాక తెల్ల సైనికులే బకాయిల కోసం, దోపిడి సొమ్ములో వాటా కోసం ఆయుధాలతో ఎదురుతిరిగారు. అటు సలాబత్ జంగ్ బెజవాడ దాకా వచ్చేశాడు. ఏప్రిల్ మొదట్లో తుపాకిమందు రెండు రోజులకు సరిపోయేదే మిగిలింది. ఇక ఏప్రిల్ 7 రాత్రి ఆటు వేళ చూసి కోట మీద పడటం తప్ప గతి లేదు. ఫోర్డ్ కింది అధికారి నాక్స్ 700 మంది సిపాయిలతో నైరుతిలో ఉత్తుత్తి దాడి, అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద, రాజు బలగం ద్వారం దగ్గర గోల. అసలు దళం ఇంకా బురదలో ఈడ్చుకుంటుండగానే నాక్స్ కాల్పులు మొదలయ్యాయి. లోపల కాన్‌ఫ్లాన్స్‌కు ఎవరిని ఎటు పంపాలో తేలలేదు. చివరికి లొంగినవాళ్ళు దాడిచేసినవాళ్ళకన్నా ఎక్కువ!

గోదారిగట్టు:
అది నా మాటే కదా. లోపల బుస్సీ ఉండుంటే వారం నిలిచేవాడు. ఫ్రెంచి అధికారి మొరాసిన్ 300 మందితో ఓడల్లో ఏప్రిల్ 15కల్లా బందరు రేవుకు వచ్చాడు.

పాతరేవు:
వారం నిలిస్తే బందరు మిగిలేదేమో, ఒప్పుకుంటా. ఆ తర్వాత? ఫ్రెంచి నౌకాధిపతి దాషే నౌకలు 1758లోనే మారిషస్ వెళ్ళిపోయాయి. సముద్రం ఇంగ్లిషువాళ్ళది. 1760లో వందవాసి యుద్ధం, 1761 జనవరిలో పుదుచ్చేరి పోయాక బందరు ఒక్కటీ ఎవరి జీతాలతో నిలుస్తుంది?

కోటబురుజు:
సలాబత్ జంగ్‌ను కూడా లెక్కలో వేయండి. బెజవాడలో ఉండి కోటను కాపాడలేదు. హైదరాబాదులో తమ్ముడు నిజాం అలీ భయం. అందుకే మే 14న ఇంగ్లిషువాళ్ళతో ఒప్పందం చేసుకుని, బందరు, నిజాంపట్నం ప్రాంతాలిచ్చి వెనుదిరిగాడు. బుస్సీ లేని లోటు కోటలో కన్నా ఆ దర్బారులోనే ఎక్కువ.

గోదారిగట్టు:
అయితే లాలీ తప్పు ఇంకా పెద్దదైంది, చిన్నది కాలేదు.