డీవీడీని ఎంపీ4గా మారిస్తే బొమ్మ వస్తోంది, శబ్దం రావట్లేదు

నీలిగోరింట

అందరికీ నమస్కారం. నాన్న పదవీ విరమణ రోజు సభలో మాట్లాడింది ఒక డీవీడీలో ఉంది. నాన్న ఇప్పుడు లేరు. ఆయన గొంతు మా దగ్గర ఉన్నది ఈ ఒక్క డిస్కులోనే. అది పాతబడిపోతోందని కంప్యూటర్‌లోకి ఎక్కించి, అమ్మ ఫోన్‌లో చూసుకునేలా ఎంపీ4 చేద్దామని కూర్చున్నాను.

డిస్కులో ఉన్న రెండు ఫోల్డర్లూ కాపీ చేశాను. ‘వీడియో టీఎస్’ ఫోల్డర్‌లో పెద్ద పెద్ద వీఓబీ ఫైళ్లు ఉన్నాయి. వాటిలో మొదటిదాన్ని ఒక ఉచిత కన్వర్టర్‌లో వేశాను. బొమ్మ చక్కగా వచ్చింది, శబ్దం మాత్రం అస్సలు లేదు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. తీరా ‘ఆడియో టీఎస్’ ఫోల్డర్ తెరిచి చూస్తే అది ఖాళీ! కాపీ చేసేటప్పుడే ఆడియో పోయిందేమోనని ఒకటే టెన్షన్. అదే డిస్కు టీవీ దగ్గరున్న ప్లేయర్‌లో పెడితే నాన్న మాట స్పష్టంగా వినిపిస్తోంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో ఎవరైనా చెప్పగలరా?

రాత్రిబండి

నీలిగోరింట గారూ, ముందు ఆ ఖాళీ ఫోల్డర్ సంగతి మర్చిపోండి. అది ఖాళీగానే ఉండాలి. ‘ఆడియో టీఎస్’ అనేది డీవీడీ ఆడియో అనే వేరే రకం డిస్కుల కోసం పెట్టిన ఫోల్డర్. మామూలు వీడియో డిస్కుల్లో అందులో ఏమీ ఉండదు. కొన్ని పాత ప్లేయర్లు అది లేకపోతే డిస్కును గుర్తించవని పేరుకు ఉంచుతారు, అంతే. ఆ పేరు చూసి కంగారుపడని వాళ్లు తక్కువ.

మీ నాన్నగారి మాట వీఓబీ ఫైళ్లలోనే ఉంది. బొమ్మ, శబ్దం, సబ్‌టైటిళ్లు అన్నీ చిన్న చిన్న ముక్కలుగా ఒకదాని మధ్యలో ఒకటి పేర్చి ఉంటాయి అందులో. ప్లేయర్‌లో వినిపిస్తోందంటే డిస్కులో శబ్దం భద్రంగా ఉన్నట్టే. ఇక అది పోయింది కన్వర్టర్‌లోనా, కన్వర్టర్ ఇచ్చిన ఫైల్‌ను నడిపే ప్లేయర్‌లోనా అన్నది తేల్చాలి. వచ్చిన ఎంపీ4ను వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో తెరిచి, ‘టూల్స్’ మెనూలో కోడెక్ సమాచారం చూడండి. కోడెక్ అంటే బొమ్మనీ శబ్దాన్నీ కుదించి, విప్పే పద్ధతి. అందులో ఎన్ని స్ట్రీములు (బొమ్మకొకటి, శబ్దానికొకటి ఉండే ధారలు) కనిపిస్తున్నాయి?

మూడోచక్రం

నాకూ ఇలాగే అయింది కానీ కారణం వేరు. నా ఎంపీ4లో ఆడియో ఉంది, ఫోన్‌కే అది అర్థం కాలేదు. డీవీడీల్లో ఎక్కువగా ఉండేది ఏసీ3 ఆడియో, అంటే డాల్బీ డిజిటల్. కన్వర్టర్‌లో ‘పాస్‌త్రూ’ అని ఉంటే ఆ ఏసీ3ని ముట్టుకోకుండా అలాగే ఎంపీ4లో పెట్టేస్తుంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీకి దాన్ని విప్పడం వచ్చు కాబట్టి వినిపిస్తుంది. చాలా ఫోన్లలో ముందే ఉన్న ప్లేయర్లకు అది రాదు, నోరు మెదపవు. నేను వారం రోజులు డిస్కుదే తప్పనుకున్నాను. చివరికి పాస్‌త్రూ తీసేసి, ఫోన్లకు అర్థమయ్యే ఏఏసీ అనే ఆడియో పద్ధతి పెట్టాక అన్ని చోట్లా వినిపించింది. మీకూ చివరికి ఫోన్‌లోనే కావాలి కాబట్టి ఏఏసీయే పెట్టండి.

తెల్లకాగితం

ఏదైనా కోడెక్ ప్యాక్ ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఒకప్పుడు నాకు దానితోనే తీరింది.

రాత్రిబండి

తెల్లకాగితం గారూ, ఒకప్పటి మాట నిజమే. కానీ ఇప్పుడు వీఎల్‌సీ ప్లేయర్, హ్యాండ్‌బ్రేక్, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే కన్వర్టర్లు లాంటివన్నీ తమ డీకోడర్లు, అంటే ఆడియో, వీడియోను విప్పే భాగాలు, తామే తెచ్చుకుంటాయి. విండోస్‌లో ఏ ప్యాక్ వేసినా అవి దాని వైపు చూడవు. పైగా ఆ ప్యాకులతో పాటు అక్కర్లేనివి కూడా కొన్ని వచ్చి కూర్చుంటాయి. దయచేసి ఇప్పుడు వద్దు.

నీలిగోరింట

రాత్రిబండి గారూ, చూశాను. ఎంపీ4లో స్ట్రీమ్ 0 ఒక్కటే ఉంది, అది వీడియో. ఆడియో అన్నదే లేదు. అంటే మూడోచక్రం గారి సమస్య కాదన్నమాట.

తర్వాత అసలు వీఓబీని కూడా వీఎల్‌సీలో తెరిచాను. ఇక్కడ ఒక వింత కనిపించింది. తెరవగానే అందులోనూ స్ట్రీమ్ 0 ఒక్కటే. మొదట్లో నాన్న పేరు, తేదీ రాసిన ఒక కార్డు వస్తుంది, దానికి శబ్దం లేదు. కోడెక్ కిటికీ మూయకుండా అలాగే చూస్తూ ఉన్నాను. సరిగ్గా 22వ సెకనులో కార్డు పోయి సభ కనిపించగానే కిటికీలో స్ట్రీమ్ 1 పుట్టుకొచ్చింది! ఏ52 ఆడియో, స్టీరియో, 48000 హెర్ట్జ్ అని చూపిస్తోంది. చప్పట్లు వినిపించాయి. దీనికీ కన్వర్టర్‌కీ ఏమైనా సంబంధం ఉందా?

రాత్రిబండి

ఉంది. మీ జబ్బు అదే. ఇంత ఓపికగా చూశారు కాబట్టి దొరికింది. ఏ52 అంటే ఏసీ3కే ఇంకో పేరు, అందులో ఇబ్బందేమీ లేదు.

చాలా ఉచిత కన్వర్టర్ల లోపల పనిచేసేది ఎఫ్ఎఫ్‌ఎంపెగ్. ఫైల్ ఇవ్వగానే అందులో ఏమేం ఉన్నాయో తెలుసుకోవడానికి అది మొదటి కొంత భాగమే చదువుతుంది. మామూలు సెట్టింగులో ఆ హద్దు 50 లక్షల బైట్లు, అంటే సుమారు 5 ఎంబీ. డీవీడీ వీడియో సెకనుకు 8 మెగాబిట్ల వేగంతో ఉందనుకుంటే అది 5 సెకన్ల బొమ్మ. మీ డిస్కులో మొదటి 22 సెకన్లు ఆడియో ముక్కలే లేవు. 5 సెకన్లు చూసి ‘ఇందులో వీడియో ఒక్కటే ఉంది’ అని అది తేల్చేసుకుంది. ఆ తర్వాత వచ్చిన ఆడియోను పట్టించుకోలేదు.

వీఓబీ ఫైల్‌కు తనలో ఎన్ని ఆడియో ట్రాకులున్నాయో ముందే చెప్పే పట్టిక ఉండదు. ఆ పట్టిక పక్కనే ఉన్న ఐఎఫ్ఓ అనే చిన్న ఫైళ్లలో ఉంటుంది. మీరు వీఓబీని ఒక్కదాన్నే విడదీసి ఇవ్వడంతో కన్వర్టర్‌కు ఆ పట్టిక అందలేదు. మీ టీవీ ప్లేయర్ ఐఎఫ్ఓ చదువుకుని నడుస్తుంది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ రాలేదు.

కాబట్టి హ్యాండ్‌బ్రేక్ తీసుకుని, ఫైల్ కాకుండా ‘వీడియో టీఎస్’ ఫోల్డర్ మొత్తాన్ని సోర్స్‌గా ఇవ్వండి. అది ఐఎఫ్ఓ చదువుతుంది. టైటిళ్ల (డిస్కులోని విడివిడి వీడియోల) జాబితాలో అన్నింటికన్నా పొడవైనది ఎంచుకోండి. ఆడియో ట్యాబ్‌లో ట్రాక్ కనిపిస్తోందో లేదో చూసుకుని, కోడెక్ ఏఏసీ, మిక్స్‌డౌన్ (ఛానెళ్లను ఎన్నింటిగా కలపాలో చెప్పేది) స్టీరియో పెట్టండి. బిట్‌రేట్ 160 చాలు, మనసుకు తృప్తిగా ఉండాలంటే 192 పెట్టుకోండి. మొత్తం చేసే ముందు ఒక అధ్యాయమో, రెండు నిమిషాలో మార్చి వినండి.

ఇంకొకటి. మీరు మార్చింది మొదటి వీఓబీ మాత్రమే. డీవీడీలో ఒక్కో వీఓబీ 1 జీబీ దాటకుండా ముక్కలు చేస్తారు. నాణ్యతను బట్టి ఒక ముక్కలో పాతిక నిమిషాలో, ఇంకాస్తో పడుతుంది. మీ నాన్నగారి ప్రసంగం రెండో ముక్కలోకి వెళ్లి ఉండొచ్చు. ఫోల్డర్ ఇస్తే ఆ ముక్కలన్నీ అదే కలుపుకుంటుంది.

వేపచెట్టు

కమాండ్ రాయడం అలవాటున్నవాళ్ల కోసం: ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో ‘ప్రోబ్‌సైజ్’, ‘అనలైజ్ డ్యూరేషన్’ అని రెండు ఆప్షన్లున్నాయి. రెండింటికీ 100ఎం అని ఇస్తే 100 ఎంబీ దాకా, 100 సెకన్ల దాకా వెతుకుతుంది. ఈ రెండూ ఇన్‌పుట్ ఫైల్ పేరుకు ముందే రాయాలి, తర్వాత రాస్తే పనిచేయవు. నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నది ఆ వరుస తెలియకే.

అలాగే ఎన్ని ఆడియో ట్రాకులున్నా అది మామూలుగా ఒక్కదాన్నే తీసుకుంటుంది, ఎక్కువ ఛానెళ్లున్నదాన్ని. డీవీడీలో 8 ట్రాకుల దాకా ఉండొచ్చు. మనకు కావలసిన ట్రాక్ రావాలంటే ‘మ్యాప్’ ఆప్షన్‌తో ఫలానాదని చెప్పాలి.

చిన్నపిల్లంగ్రోవి

నాది ఇంకో రకం, ఇక్కడ రాస్తే ఎవరికైనా పనికొస్తుంది. పాత వీడియో టేపు నుంచి డీవీడీ చేయించాం. దాన్ని ఎంపీ4 చేశాను. కంప్యూటర్ స్పీకర్లలో వినిపిస్తోంది, ఇయర్‌ఫోన్లలో వినిపిస్తోంది, ఫోన్ స్పీకర్‌లో మాత్రం మాటలు మాయం! వెనకాల సన్నగా గాలి చప్పుడు లాంటిది తప్ప ఏమీ లేదు. కన్వర్టర్లు మార్చాను, ఫార్మాట్లు మార్చాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఆడియో తెరిచి, బాగా పెద్దది చేసి చూశాను. ఎడమ ఛానెల్‌లో అల పైకి లేచిన ప్రతిచోటా కుడి ఛానెల్‌లో అంతే లోతుగా కిందికి దిగుతోంది. అద్దంలో నీడలాగా. టేపు నుంచి ఎక్కించినప్పుడు ఎక్కడో ఒక వైపు వైరింగ్ తిరగబడింది. ఫోన్‌కు ఉన్నది ఒక్క స్పీకర్ కాబట్టి రెండు ఛానెళ్లనూ కలిపేస్తుంది. కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా. స్టీరియో ట్రాక్‌ను విడదీసి, ఒక్క వైపుకే ‘ఇన్‌వర్ట్’ ఎఫెక్ట్ వేశాను. అంతే, మా అమ్మమ్మ మాట ఫోన్‌లో వినిపించింది. ఆ రోజు రాత్రి నిద్రపోలేదు, అదే పదే పదే వింటూ కూర్చున్నాను.

గుర్తుపట్టడానికి సులువైన దారి: రెండు ఇయర్‌ఫోన్లూ పెట్టుకుంటే గొంతు ఎటునుంచి వస్తోందో తెలియకుండా డొల్లగా ఉంటుంది. ఒకటి తీసేస్తే మామూలుగా వినిపిస్తుంది.

మూడోచక్రం

ఇది నాకు కొత్త. చాలా థాంక్స్.

దీనికి దగ్గరగా ఇంకొకటుంది. సంగీతం, చప్పట్లు బాగా వినిపిస్తూ మాటలు మాత్రం పల్చగా ఉంటే 5.1 ఆడియో, అంటే ఆరు ఛానెళ్ల ఆడియో, అయి ఉండొచ్చు. అందులో మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్‌లో పెడతారు. కొన్ని కన్వర్టర్లు ముందున్న ఎడమ, కుడి మాత్రమే తీసుకుని మధ్యదాన్ని వదిలేస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లో మిక్స్‌డౌన్ స్టీరియో పెడితే మధ్యదాన్ని రెండు వైపులా పంచుతుంది.

తెల్లకాగితం

కోడెక్ ప్యాక్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా దగ్గరున్న డిస్కును మీడియాఇన్ఫోలో (ఫైల్ వివరాలు చూపే ప్రోగ్రామ్) చూస్తే ఆడియో పీసీఎం అని వచ్చింది, 1536 కేబీపీఎస్. ఇది కూడా ఎంపీ4లో ఇబ్బంది పెడుతుందా?

రాత్రిబండి

పెడుతుంది. అది కుదించని ఆడియో. 16 బిట్లు, 48000 సార్లు, రెండు ఛానెళ్లు గుణిస్తే సరిగ్గా 1536 కేబీపీఎస్ వస్తుంది. స్టీరియో ఏసీ3 అయితే ఎక్కువగా 192 దగ్గరో, 256 దగ్గరో ఉంటుంది. డీవీడీలో పీసీఎం పేర్చే పద్ధతి వేరు కాబట్టి కొన్ని కన్వర్టర్లకు అది అర్థం కాదు, ఎర్రర్ కూడా చూపించకుండా వదిలేస్తాయి. అలాగే కాపీ చేసి ఎంపీ4లో పెట్టినా చాలా ప్లేయర్లు ఒప్పుకోవు. ఏఏసీగా మార్చేయండి. ఏమీ తగ్గించకుండా దాచుకోవాలంటే ఎంపీ4 బదులు ఎంకేవీ అనే రకం ఫైల్‌లో, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఆడియో పెట్టుకోండి.

వేపచెట్టు

డీవీడీ రికార్డర్‌తో నేరుగా రికార్డు చేసిన డిస్కులున్నవాళ్లు ఒకటి చూసుకోండి. వాటిలో కొన్నింట్లో ‘వీడియో టీఎస్’ ఉండదు, వీఆర్ఓ అనే ఒక్క పెద్ద ఫైల్ ఉంటుంది. అన్ని రికార్డింగులూ అందులోనే ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొదటి రికార్డింగ్‌లో ఆడియో ఒక రకం, రెండోదానిలో ఇంకో రకం అయితే కన్వర్టర్ మొదటిదాన్నే నమ్ముతుంది. సగం దాకా శబ్దం ఉండి తర్వాత ఆగిపోతే ఇది అనుమానించండి. ముక్కలుగా విడదీసి ఒక్కోదాన్ని మార్చుకోవాలి.

దుకాణంలో కొన్న సినిమా డిస్కుల విషయం వేరు. వాటికి కాపీ రక్షణ ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ దాన్ని తీయదు. ఇక్కడ రాస్తున్నవన్నీ మన సొంత రికార్డింగుల గురించే.

నీలిగోరింట

వచ్చింది! ఫోల్డర్ మొత్తం ఇచ్చాను. హ్యాండ్‌బ్రేక్ 51 నిమిషాల టైటిల్ చూపించింది, ఆడియో ట్యాబ్‌లో ఏసీ3 ట్రాక్ ఉంది. రాత్రిబండి గారు చెప్పినట్టు ముందు ఒక అధ్యాయం మార్చి, అది విన్నాకే మొత్తం చేశాను.

ప్రసంగం నిజంగానే రెండో ముక్కలోకి వెళ్లింది. నాన్న మైకు దగ్గరికొచ్చి, కళ్లజోడు తీసి, జేబురుమాలుతో తుడుచుకుని, రెండుసార్లు గొంతు సవరించుకుని, అప్పుడు మొదలుపెట్టారు. ఇంట్లో ఫోన్ ఎత్తే ముందు కూడా అలాగే సవరించుకునేవారు. ఆ సంగతే నాకు గుర్తులేదు ఇన్నాళ్లూ.

అమ్మ ఫోన్‌లో పెట్టి చూశాను, ఫోన్ స్పీకర్‌లోనే వినిపిస్తోంది. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. ఇంకో సందేహం. చివర్లో ఒక పది నిమిషాలు పెదవులకూ మాటకూ కొంచెం తేడా ఉంది. సరిచేయొచ్చా?

రాత్రిబండి

చాలా సంతోషం అండీ. చదువుతుంటే మా ఇంట్లో మాట దొరికినట్టే అనిపించింది.

తేడా మొదటి నుంచీ ఒకేలా ఉంటే ఎంకేవీటూల్‌నిక్స్ అనే ప్రోగ్రామ్‌లో ఆడియోను కొన్ని మిల్లీసెకన్లు ముందుకో వెనక్కో జరిపితే చాలు, వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు. మీకు చివర్లోనే ఉంది కాబట్టి అక్కడ డిస్కు మీద గీత పడి, చదివేటప్పుడు కొన్ని ముక్కలు జారిపోయి ఉండొచ్చు. డిస్కును మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పవద్దు. తర్వాత ఫోల్డర్లు కాపీ చేయకుండా మొత్తం డిస్కును ఒక ఐఎస్ఓ ఫైల్‌గా, అంటే డిస్కుకు అచ్చు నకలుగా, తీయండి. వీలైతే ఇంకో డ్రైవ్‌లో కూడా ప్రయత్నించండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదువుతుంది. ఆ ఐఎస్ఓను రెండు చోట్ల దాచుకుని, దాని నుంచే మళ్లీ మార్చండి.

నీలిగోరింట

ఐఎస్ఓ ఇప్పుడే మొదలుపెట్టాను. 64 శాతం దగ్గర కాస్త నెమ్మదించింది కానీ ఆగలేదు. అవగానే చివరి పది నిమిషాలు మార్చి చూసి ఇక్కడే రాస్తాను.