అప్‌డేట్: ఉబుంటు 24.04కి మారాక ఆగిన పైథాన్ ప్రాజెక్టులు మళ్లీ నడుస్తున్నాయి

పర్లాకిమిడి కంప్యూటర్ సెంటర్‌లోని మెషీన్లను ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 నుంచి 24.04కి మార్చాక, పాత వెన్వ్‌లో (ఒక్కో ప్రాజెక్టుకి కావాల్సిన ప్యాకేజీలను, అంటే రెడీమేడ్ కోడ్‌ని, విడిగా ఉంచే ఫోల్డర్) ఏది ఇంపోర్ట్ చేసినా ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ వస్తోందని అడిగాను కదా. సమస్య తీరింది, జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

వెన్వ్‌లోని పైథాన్ సిస్టమ్ పైథాన్‌కి సింబాలిక్ లింకు (అసలు ఫైలుకి దారి చూపేది) మాత్రమే. సిస్టమ్ పైథాన్ 3.10 నుంచి 3.12 అయింది, ప్యాకేజీలేమో ‘పైథాన్3.10’ ఫోల్డర్‌లోనే ఉండిపోయాయి.

పాత వెన్వ్‌ని తొందరపడి తీసేయకండి. ఆప్ట్‌తో (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ వేసే కమాండ్) పైథాన్3-వెన్వ్ వేసి, వేరే పేరుతో కొత్త వెన్వ్ చేయండి. అందులోంచి పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) ఫ్రీజ్ కమాండ్‌కి ‘పాత్’ ఆప్షన్‌తో పాత వెన్వ్‌లో ప్యాకేజీలుండే సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ చూపిస్తే పేర్లు, వెర్షన్లు అన్నీ రాసిస్తుంది. చాలా పనికొచ్చే ఆప్షన్ ఇది. ఆ జాబితాలో నంపై (లెక్కల ప్యాకేజీ) 1.26 కన్నా పాతదైతే వెర్షన్ పెంచండి, 3.12లో డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలను బిల్డ్ చేసే పాత మాడ్యూల్) తీసేశారు, పాతది బిల్డ్ అవదు. తర్వాత ఆ జాబితాతో కొత్త వెన్వ్‌లో ప్యాకేజీలు వేసుకోండి.

‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ ఎర్రర్ (సిస్టమ్ పైథాన్‌లో పిప్‌తో వేయకుండా ఆపేది) వస్తే, ఆ అడ్డును దాటించే బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ ఆప్షన్ జోలికి పోవద్దు. వెన్వ్ యాక్టివేట్ అయిందో లేదో చూడండి, చాలు.

అప్‌గ్రేడర్ ఆపేసిన బయటి రిపాజిటరీలను (ఉబుంటువి కాని సాఫ్ట్‌వేర్ మూలాలు) ‘జామీ’ (22.04 పేరు) బదులు ‘నోబుల్’ (24.04 పేరు) పెట్టి ఆన్ చేయాలి, అది కూడా నోబుల్‌కి ప్యాకేజీలున్నాయని చూసుకున్నాకే.

ఇక్కడ నెట్ నిలకడగా ఉండదు కాబట్టి ఒక మెషీన్‌లో పిప్ డౌన్‌లోడ్‌తో వీల్ ఫైళ్లు (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా ఉండే ప్యాకేజీలు) దించి, మిగతా వాటికి పెన్‌డ్రైవ్‌తో ‘నో-ఇండెక్స్’ (నెట్‌లో వెతకొద్దు), ‘ఫైండ్-లింక్స్’ (ఈ ఫోల్డర్‌లో వెతుకు) ఆప్షన్లు ఇచ్చి ఎక్కించాం.