కాపీ కొట్టిన సైటుకు ముందు మెయిలా, నేరుగా నోటీసా?

మెట్లదారి (నిర్వాహకుడు):
తిరుమల నడకదారి, కాళహస్తి కలంకారీ, కాణిపాకం బస్సులు, చిత్తూరు మామిడి. ఇలాంటివాటి మీద తెలుగులో రాసే చిన్న సైట్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. పొద్దున వేసిన వ్యాసం సాయంత్రానికి ఇంకో సైటులో మక్కీకి మక్కీ తేలుతోంది. దొరికాక ఏం చెయ్యాలన్న గొడవ ప్రతి చర్చలోనూ దూరుతోంది కాబట్టి ఇక్కడే తేల్చుకోండి. ముందు కాపీ కొట్టినవాళ్లకు మర్యాదగా మెయిలు పెట్టాలా? హోస్టింగ్ కంపెనీకీ గూగుల్‌కీ ఆ పేజీ తీసేయమని నేరుగా నోటీసు పంపాలా? “మాకూ జరిగింది” కథలు వద్దు, పద్ధతి చెప్పండి.

పెన్‌కలం:
నేరుగా నోటీసే. మెయిలు పెట్టడమంటే నిద్రపోయే దొంగను తట్టి లేపడం. వర్డ్‌ప్రెస్‌లో పోస్టు తేదీని రెండేళ్లు వెనక్కి జరపడానికి అర నిమిషం చాలు. మీ మెయిలు అందిన రాత్రే తేదీ మారుతుంది, నాలుగు మాటలు అటూ ఇటూ అవుతాయి, తెల్లారితే “మీరే మా దగ్గర కొట్టారు” అంటాడు.

ఎక్కువమంది తప్పేది నోటీసు ఎవరికి పంపాలన్న దగ్గరే. డొమైన్ అమ్మినవాడికి కాదు, ఫైళ్లు దాచిన హోస్టింగ్‌వాడికి పంపాలి. వెతికితే చాలాసార్లు క్లౌడ్‌ఫ్లేర్ పేరు కనిపిస్తుంది. అది ముందున్న తెర, సరుకు మామూలుగా వెనకాల ఇంకెక్కడో ఉంటుంది. వాళ్ల ఫిర్యాదు ఫారం నింపితే అసలు హోస్టు ఎవరో చెప్పి, ఫిర్యాదును అక్కడికి పంపుతారు.

అమెరికా హోస్టయితే 1998 నాటి డీఎంసీఏ, అంటే నెట్‌లో కాపీరైట్ గురించిన అక్కడి చట్టం. నోటీసులో ఆరు ఉండాలి: సంతకం (టైపు చేసిన పేరు చాలు), మీ అసలు పేజీ లింకు, కాపీ పేజీ లింకు, మీ అడ్రసు-ఫోను-మెయిలు, ఈ వాడకానికి అనుమతి లేదని నిజాయితీగా నమ్ముతున్నామన్న వాక్యం, వివరాలు సరైనవేననీ హక్కుదారు తరఫున అడిగే అధికారం ఉందనీ ప్రమాణపూర్వకంగా చెప్పే వాక్యం. హోమ్‌పేజీ లింకు ఒకటి పడేసి “అంతా మాదే” అంటే పక్కన పెట్టేస్తారు. ఏ పేజీకి ఆ పేజీ లింకు ఇవ్వాలి.

గూగుల్‌ది వేరే ఫారం. అది వెతికినప్పుడు కనిపించకుండా చేస్తుందే గానీ సైటులోంచి తీయదు. రెండూ వెయ్యాలి. కాపీ బ్లాగర్‌లో ఉంటే దానికి విడిగా.

కోనేటిగట్టు:
పెన్‌కలం అన్నా, ప్రతి కాపీనీ దొంగతనం లెక్కన చూస్తే ఎట్ల? మన ఊళ్లో అతికించేది ఎక్కువగా లాడ్జీలవాళ్లు, ట్యాక్సీలవాళ్లు. సైటు కట్టిన కుర్రోడు నెట్‌లో దొరికింది పేస్టు చేసి డబ్బులు తీసుకొని పోయుంటాడు, ఓనరుకు ఆ సంగతే తెలీదు. అలాంటోళ్లకు నాలుగు లైన్లు చాలు:

“మీ ఫలానా పేజీలో ఉన్నది ఫలానా తేదీన మా సైటులో వచ్చిన వ్యాసం. మేము అనుమతి ఇవ్వలేదు. శుక్రవారం సాయంత్రం 5 గంటల్లోపు తీసేయండి, లేదా మొదటి పేరా మాత్రం ఉంచి కింద మా పేజీకి లింకు ఇవ్వండి.”

గడువు వారం, రోజు, గంటతో సహా ఉండాలి. “త్వరగా” అని రాస్తే ఎవరూ కదలరు. లింకు ఇచ్చారంటే మీకే లాభం.

నోటీసు వేసేముందు దాని వెనకున్నదీ చూడండి. అవతలివాడు “ఈ ఫిర్యాదు తప్పు” అని ఎదురు నోటీసు ఇస్తే, మీరు కోర్టుకెళ్లినట్టు చూపించకపోతే, 10 నుంచి 14 పనిదినాల్లో పేజీ తిరిగి పైకి వస్తుంది. తిరుచానూరులో కూర్చుని అమెరికాలో దావా ఎవరు వేస్తారు సామీ? పైగా గూగుల్‌కు పంపిన నోటీసుల నకళ్లు లూమెన్ అనే బహిరంగ ఖజానాకు చేరతాయి. వేసినవాళ్ల పేరు అక్కడ కనిపించవచ్చు.

నల్లకోటు:
ఇద్దరూ మొదటి మెట్టు దాటేసి పోట్లాడుతున్నారు. మెయిలైనా నోటీసైనా, దానికి ముందు సాక్ష్యం.

కాపీ పేజీని పైనుంచి కిందదాకా, అడ్రసు పట్టీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. పేజీలను తేదీతో సహా దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైటులో రెండు పేజీలనూ, మీదీ వాళ్లదీ, సేవ్ చెయ్యండి. మూడోవాళ్ల దగ్గర పడిన తేదీని ఎవరూ వెనక్కి జరపలేరు కాబట్టి పెన్‌కలం గారి భయం అక్కడికి తీరుతుంది. ఫొటోలైతే కెమెరాలోంచి దిగిన అసలు ఫైలు దాచుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసిన తేదీ వివరాలు ఊడిపోతాయి. రేపు కోర్టుకెళ్తే 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం, సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హాష్ విలువ (ఫైలుకు వేలిముద్రలాంటి కోడు) రాయాలి. స్క్రీన్‌షాట్ తీసిన రోజే హాష్ తీసి రాసిపెట్టుకుంటే తర్వాత తిప్పలుండవు.

రెండోది, అది మీదేనా? అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. ఈ లెక్క ఎవరి సొత్తూ కాదు. బస్సు టైములూ అంతే. కలంకారీలో గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచుతారన్నది పని పద్ధతి, ఎవరైనా రాయొచ్చు. “కరక్కాయ పట్టని గుడ్డ మీద కసిం అనే నల్లరంగు ఎంత గీసినా నలుపు తేలదు, ఎలిసిన సిరాలా పాలిపోతుంది” అని మీరు రాస్తే ఆ వాక్యం మీది. కష్టపడి సమాచారం పోగేసినంత మాత్రాన హక్కు రాదనీ, కాస్తయినా సొంత సృజన ఉండాలనీ సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో తేల్చింది. మెట్ల లెక్క తీసుకున్నాడని నోటీసు వేస్తే తిరిగి మీ మెడకే చుట్టుకుంటుంది. డీఎంసీఏలో తెలిసి తప్పుడు ఫిర్యాదు చేస్తే నష్టపరిహారం ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద ఆధారం లేని బెదిరింపు మీద వాళ్లే దావా వేయొచ్చు. కోనేటిగట్టు గారి మెయిలులో “జైలు” అన్న మాట లేదు చూశారా, అలాగే ఉంచండి.

పెన్‌కలం:
లాయరు గారూ, వేబ్యాక్ మాట ఒప్పుకుంటా. కాపీ అని నిరూపించడానికి తెలుగులో ఇంకో సులువుంది. “సాఫ్ట్‌వేర్” అని టైపు చేసేటప్పుడు ‘ట్’కూ ‘వే’కూ మధ్య కంటికి కనిపించని అక్షరమొకటి పడుతుంది, వత్తు కలవకుండా. ఒకరు కొన్ని మాటల్లో వేస్తారు, కొన్నిట్లో మరిచిపోతారు. కాపీలో అవే మాటల్లో ఉండి అవే మాటల్లో లేకపోతే, మీ అచ్చుతప్పులు కూడా అక్కడే ఉంటే, సొంతంగా రాశానన్న వాదన నిలబడదు. పేజీ సోర్సును సేవ్ చేసేది అందుకే. స్క్రీన్‌షాట్‌లో ఇది కనపడదు.

టోటాపురి:
ఇంత తంటా దేనికి? రైట్‌క్లిక్ లాక్ ప్లగిన్ వేస్తే పోలా?

పెన్‌కలం:
పోదు తమ్ముడూ. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఆపేస్తే ఆ తాళం ఊడొస్తుంది. తమంతట తామే కాపీ కొట్టే ప్రోగ్రాములకు, అంటే బాట్లకు, మౌసే లేదు, రైట్‌క్లిక్ ఎక్కడిది? ఇబ్బందల్లా బస్సు టైము కాపీ చేసి ఇంట్లోవాళ్లకు పంపుకుందామనుకునే పాఠకుడికి.

పనికొచ్చేవి చెప్తా. బాట్లు ఎక్కువగా ఫీడ్ నుంచి, అంటే మీ కొత్త పోస్టులను వేరే ప్రోగ్రాములకు అందించే ఫైలు నుంచి, లాగుతాయి. వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో రీడింగ్ కింద ఫీడ్‌కు పూర్తి పాఠం బదులు సంగ్రహం పెట్టండి. ప్రతి వ్యాసం మొదటి రెండు పేరాల్లో మీ పాత వ్యాసానికి పూర్తి అడ్రసుతో ఒక లింకు ఇవ్వండి. కొట్టేసినా ఆ లింకు వాళ్ల పేజీలో మిగిలిపోయి మిమ్మల్నే చూపిస్తుంది. పబ్లిష్ చేయగానే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఇండెక్సింగ్ (వెతుకులాటలో చేర్చడం) అడగండి. ఫొటో మీ సర్వరు నుంచే వాళ్ల పేజీలోకి వస్తుంటే నోటీసు అక్కర్లేదు, హాట్‌లింక్ అడ్డుకునే సెట్టింగ్ వేస్తే వాళ్ల పేజీలో ఖాళీ పెట్టె మిగులుతుంది. గూగుల్ వెతుకులాటనూ వాట్సాప్ ప్రివ్యూనూ మినహాయించడం మరిచిపోతే మాత్రం మీ ఫొటోలే మాయమవుతాయి.

కోనేటిగట్టు:
వ్యాసాన్ని గొంతుతో చదివేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ల సంగతి? అక్కడా ముందు మాట్లాడొచ్చు. యూట్యూబ్ ఫారంలోనే 7 రోజుల గడువుతో తీసివేత అడిగే వీలుంది. ఆలోపు వాళ్లే తీసేస్తే స్ట్రైకు (ఛానల్ మీద కాపీరైట్ మచ్చ) పడదు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్ పోతుంది కాబట్టి మాట వింటారు.

నల్లకోటు:
మన దేశంలోనే హోస్టు ఉంటే 2013 కాపీరైట్ రూల్స్, రూలు 75 చూడండి. రాతపూర్వక ఫిర్యాదు అందాక మధ్యవర్తి సంస్థ, అంటే ఇక్కడ హోస్టు, 36 గంటల్లో ఆ పేజీ అందకుండా చెయ్యాలి. కానీ 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తామని ఫిర్యాదులోనే హామీ రాసివ్వాలి. తేకపోతే మళ్లీ తెరుచుకోవచ్చు. దావాకు హైదరాబాదు పోనక్కర్లేదు, మామూలుగా కాపీరైట్ చట్టం సెక్షన్ 62 ప్రకారం మీరుండే చోటి జిల్లా కోర్టులోనే వెయ్యొచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

అదే కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద పోలీసు కేసూ ఉంది: ఆరు నెలల నుంచి మూడేళ్లు. అది కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాని నేరం) అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. లాడ్జీ సైటు మీద ఒక వ్యాసానికి అంతదూరం పోవడం నా లెక్కన పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఎవరూ ఎత్తని మాట ఇంకొకటి. బయటివాళ్లతో డబ్బిచ్చి రాయించిన వ్యాసమైతే, రాతపూర్వకంగా సంతకంతో బదిలీ జరక్కపోతే హక్కు రాసినవారిదే. సెక్షన్ 19 ప్రకారం కాగితంలో కాలం రాయకపోతే అయిదేళ్లకే, ప్రాంతం రాయకపోతే ఇండియాకే బదిలీ. అలాంటి కాగితం పట్టుకుని అమెరికా హోస్టుకు “హక్కు మాదే” అని ప్రమాణం చేస్తే ఇరుక్కునేది మీరే.

పెన్‌కలం:
ఆ కాగితం సంగతి నిజమే. మెయిలు విషయంలో కొంచెం తగ్గుతా: సైటులో ఫోను నంబరు, ఊరి అడ్రసు ఉండి వ్యాపారం నడుస్తుంటే మెయిలు. సంప్రదించే దారే లేకుండా, పేజీ నిండా ప్రకటనలు పెట్టుకుని, పదిమంది వ్యాసాలు పోగేసినవాడైతే సాక్ష్యం దాచిన పది నిమిషాలకే నోటీసు.

కోనేటిగట్టు:
ఆ పది నిమిషాల్లో ఆ సైటులో మనవాళ్ల వ్యాసాలు ఇంకేమున్నాయో కూడా వెతకండన్నా. మీ వ్యాసంలోని విడ్డూరమైన వాక్యాన్ని కొటేషన్లలో పెట్టి గూగుల్ చేస్తే మీది దొరుకుతుంది. మిగతావాళ్లవి వాళ్లే గుర్తుపట్టాలి, నోటీసూ ఎవరిది వాళ్లే వెయ్యాలి. లింకులు ఇక్కడ పెట్టండి.