అమ్మకి మోషన్ అదుపు తప్పుతోంది: ముందు టెస్టులా, ముందు వైద్యమా?

నెల్లిమర్ల అబ్బాయి:
మా అమ్మకి 58 ఏళ్లు. రెండేళ్లుగా మోషన్ ఆపుకోలేకపోతోంది. వస్తోందని తెలిసి లేచేలోపే చీర పాడవుతుంది. ఈ మాట మాతో చెప్పడానికే ఆమెకి ఏడాదిన్నర పట్టింది. చెల్లి పురిటికి వచ్చినప్పుడు, పెరట్లో విడిగా నానబెట్టిన గుడ్డలు చూసి గట్టిగా అడిగితే అప్పుడు ఏడ్చింది. కిందటేడు పైడితల్లమ్మ పండక్కి సిరిమాను చూడ్డానికి కూడా రాలేదు. మోకాళ్ల నొప్పులంది, మేం నమ్మేశాం.

12 ఏళ్లుగా షుగర్ ఉంది. ఇద్దరివీ మామూలు కాన్పులే. నన్ను కన్నప్పుడు ఇంట్లోనే మంత్రసాని చేసింది.

విశాఖలో ఒక స్పెషలిస్టుకి చూపిస్తే నాలుగు టెస్టులు రాశారు: మానోమెట్రీ (మలద్వారం బిగింపు కొలిచేది), మలద్వారం లోపల చేసే అల్ట్రాసౌండ్, ఎమ్మారై, నరాల టెస్టు. విజయనగరంలో మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు మాత్రం ఇప్పుడే అవేవీ వద్దు, రెండు నెలలు వైద్యం చేసి చూద్దాం అంటున్నారు. నాన్న జూట్ మిల్లులో చేసి రిటైరయ్యారు, ఆ టెస్టుల ఖర్చు మాకు చిన్నది కాదు. పైగా అమ్మని 60 కిలోమీటర్లు బస్సులో తీసుకెళ్లడమే పెద్ద టెన్షన్. ప్రయాణం ఉందంటే ముందురోజు నుంచే అన్నం మానేస్తుంది. కానీ ఏం పాడైందో తెలియకుండా మందులిస్తే చీకట్లో రాయి విసిరినట్టు కాదా?

బొబ్బిలి కోడలు:
చేయించు తమ్ముడూ. నా సంగతి చెబుతాను, ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రెండో కాన్పులో కొరముట్లు వేసి బిడ్డని లాగారు. అప్పటి నుంచి తొమ్మిదేళ్లు గ్యాస్ ఆగేది కాదు, పల్చగా అయితే మోషనూ ఆగేది కాదు. ఎవరికి చెప్పినా గ్యాస్ మాత్రలు రాసేవారు. ఇంట్లో అయితే ఒళ్లు బరువు, శుభ్రం లేదు అనే మాటలు. చివరికి ఒక డాక్టరమ్మ అల్ట్రాసౌండ్ చేయించారు. మలద్వారం చుట్టూ ఉండే బయటి కండరం ముందువైపు గడియారంలో పది నుంచి రెండు దాకా తెగిపోయి ఉందని రిపోర్టులో బొమ్మతో సహా వచ్చింది. ఆ కాగితం మా ఆయన మా అత్తగారికి చదివి వినిపించారు. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. టెస్టు అక్కర్లేదని చెప్పేవాళ్లకి ఆ కాగితం విలువ తెలియదు.

టెక్కలి నర్సమ్మ (రిటైర్డ్):
బాబూ, వార్డులో 34 ఏళ్లు పనిచేశాను. నాలుగు టెస్టుల పేర్లు చెప్పావు గానీ, అన్నిటికంటే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. గ్లౌజు వేసుకుని వేలితో చూడటం. మీ అమ్మగారికి ఆ ఇద్దరు డాక్టర్లలో ఎవరైనా చేశారా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఒక పెద్దాయన్ని తెచ్చారు. మంచం మీద మనిషి, రోజంతా నీళ్లలా కారిపోతోంది. పొట్ట స్కానింగులు రెండు అయ్యాయి. విరేచనాలు అనుకుని అవి ఆగడానికి మాత్రలు కూడా వేశారు. వేలు పెట్టి చూస్తే లోపల రాయిలా గట్టిపడ్డ ముద్ద. దాని పక్కల నుంచి నీళ్లు జారుతున్నాయి. ఆయన జబ్బు మలబద్ధకం, ఇచ్చిన మందు దానికి సరిగ్గా ఎదురు మందు. మూడు రోజులు ఎనీమాలు ఇచ్చాక తేరుకున్నాడు. ఆ పరీక్షకి పట్టేది రెండు నిమిషాలు. కండరం బిగింపు ఎలా ఉంది, ముందువైపు పాత చీలిక మచ్చ ఉందా, లోపల గడ్డ ఏమైనా తగులుతోందా, చాలావరకు అక్కడే తెలుస్తుంది.

ఇంకో రెండు ప్రశ్నలు. మోషన్ గట్టిగా ఉంటుందా, పల్చగానా? షుగర్‌కి ఏ మాత్ర వాడుతున్నారు?

నెల్లిమర్ల అబ్బాయి:
వేలితో ఎవరూ చూడలేదమ్మా. విజయనగరంలో లేడీ డాక్టరు లేరని అమ్మే ఒప్పుకోలేదు. విశాఖలో అడగనే లేదు. మోషన్ పల్చగా రోజుకి నాలుగైదు సార్లు అవుతుంది. మాత్ర మెట్‌ఫార్మిన్, పూటకి 1000 చొప్పున రెండు పూటలా. పాత చీటీలు తీసి చూస్తే డోసు పెంచింది రెండేళ్ల కిందటే.

టెక్కలి నర్సమ్మ (రిటైర్డ్):
అదీ సంగతి. మెట్‌ఫార్మిన్‌తో కొందరికి మోషన్ పల్చబడుతుంది. కండరం కొంచెం బలహీనంగా ఉన్నా గట్టి మోషన్‌ని ఆపగలదు, నీళ్లని ఆపలేదు. నీ అంతట నువ్వు మానిపించకు, షుగర్ పెరిగిపోతుంది. డాక్టరు గారిని అడిగితే డోసు తగ్గిస్తారు, లేదా నెమ్మదిగా కరిగే రకానికి మారుస్తారు.

టెస్టులు ఆలస్యం చేయకూడని సందర్భాలు ఉన్నాయి, అవీ విను. మోషన్‌లో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఈ వయసులో మోషన్ తీరు కొత్తగా మారి అలాగే ఉండిపోవడం: వీటికి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు చూసే పరీక్ష) గురించి అడగాలి. మీ అమ్మగారికి మాత్ర మార్చినా పల్చదనం తగ్గకపోతే అదీ అడగాలి. ఉన్నట్టుండి మోషన్ తెలియకుండా పోతూ, కూర్చునే చోట తిమ్మిరెక్కి, కాళ్లు బలహీనపడి, మూత్రం బిగిస్తే అది వెన్నుపూస దగ్గర నరాలు నలిగిన లక్షణం. అప్పుడు అదే రోజు ఎమ్మారై.

ఆమదాలవలస మాస్టారు:
నేను డాక్టరుని కాను, జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. మా అమ్మకి ఇదే బాధ వచ్చినప్పుడు కొంత చదివాను. బొబ్బిలి అమ్మాయి పడ్డ బాధని నేను తక్కువ చేయడం లేదు. కానీ అల్ట్రాసౌండ్‌లో చీలిక కనిపించినంత మాత్రాన అదే కారణం అనలేం. 1993లో లండన్‌లో సుల్తాన్ అనే డాక్టరు బృందం మొదటి కాన్పు అయిన తల్లులకి ఈ అల్ట్రాసౌండ్ చేస్తే 35 శాతం మందికి కండరంలో లోపం కనిపించింది. ఆపుకోలేని బాధ గానీ, తొందరగా పరుగెత్తాల్సి రావడం గానీ ఉన్నది 13 శాతం మందికే. పాత చీలికకి కుట్టు వేసే ఆపరేషన్ కూడా మొదట్లో బాగానే ఉంటుంది, అయిదు పదేళ్లలో చాలామందికి ఆ మేలు తగ్గిపోతుంది.

ఇక వైద్యం. 2003లో నార్టన్ బృందం 171 మందిని నాలుగు గుంపులు చేసి చూసింది. ఒక గుంపుకి ఆహారం, మందులు, మోషన్ అలవాట్ల మీద సలహాలు మాత్రమే. మిగతావాళ్లకి అదనంగా వ్యాయామాలు, మిషను సాయంతో ఇచ్చే బయోఫీడ్‌బ్యాక్, అంటే కండరం ఎలా బిగుస్తోందో మిషనులో చూపిస్తూ నేర్పడం. అన్ని గుంపుల్లోనూ దాదాపు సగం మంది బాగుపడ్డారు. బ్రిటన్‌లో డాక్టర్లకి వైద్య సూచనలు తయారుచేసే నైస్ సంస్థ 2007లో ఇచ్చిన సూచనలూ ఇదే వరస: ముందు మనిషిని చూసి, మాట్లాడి, మామూలు వైద్యం చేయాలి. తగ్గకపోతే ప్రత్యేక పరీక్షలు.

బొబ్బిలి కోడలు:
మాస్టారూ, సగం మంది బాగుపడ్డారు సరే, మిగతా సగం? ఆ సగంలో ఉన్నదాన్ని నేను. ఇంకో మాట. మీరు చెప్పిన దేశంలో నర్సు గంటసేపు కూర్చుని ఏం తినాలి, ఎలా బిగించాలి అని నేర్పిస్తుంది. ఇక్కడ ఓపీలో మన వంతు వచ్చేసరికి డాక్టరు గారికి అయిదు నిమిషాలు కూడా ఉండవు. మన దగ్గర ముందు వైద్యం అంటే ఒక చీటీ, రెండు మాత్రలు. దాన్ని పట్టుకునే కదా నేను తొమ్మిదేళ్లు తిరిగాను.

ఆమదాలవలస మాస్టారు:
అది నిజమే అమ్మాయ్. నేను చెప్పిన వరస ఆ గంట ఉన్నచోటే పనిచేస్తుంది. గడువు లేకుండా చూద్దాం చూద్దాం అనడం వైద్యం కాదు.

శ్రీకాకుళం ఫిజియో:
టెస్టులన్నీ ఒకే మూట కట్టి కావాలా వద్దా అంటే తేలదు. విడదీసి చూడండి.

నరాల టెస్టు, అంటే మలద్వారం దగ్గరి నరంలో కరెంటు ఎంత వేగంగా వెళ్తోందో చూసేది: దీని ఫలితంతో వైద్యం మారదు. ఇప్పుడు చాలామంది నిపుణులు వద్దనే అంటున్నారు. ముందు దాన్ని కొట్టేయండి. అల్ట్రాసౌండ్, ఎమ్మారై ఆపరేషన్ ఆలోచన ఉన్నప్పుడు పనికొస్తాయి. బొబ్బిలి అక్కలా పెద్ద చీలిక అనుమానం ఉన్నప్పుడు అల్ట్రాసౌండ్ ఒక్కటీ త్వరగా చేయించడంలో తప్పులేదు.

మానోమెట్రీ విషయంలో నాది కొంచెం వేరే అభిప్రాయం. సన్న గొట్టం, చివర చిన్న బెలూన్. అరగంట పని, మత్తు అక్కర్లేదు, పెద్దగా నొప్పీ ఉండదు. బిగింపు బలహీనంగా ఉందని అంకె వచ్చినా నేను నేర్పే వ్యాయామం అదే. అందుకని ఆ అంకె కోసం డబ్బు పెట్టమనను. కానీ బెలూన్ నింపుతున్నప్పుడు మనిషికి ఎప్పుడు తెలుస్తోంది అన్నది కూడా అందులో చూస్తారు. చాలా ఏళ్ల షుగర్ ఉన్నవాళ్లలో ఆ స్పర్శ తగ్గి ఉండొచ్చు. అలాంటివాళ్లకి బెలూన్‌తోనే మళ్లీ గుర్తుపట్టడం నేర్పిస్తాం. ఈ అమ్మగారికి వస్తోందని తెలుస్తోంది, పరుగెత్తేలోపు ఆగట్లేదు. కాబట్టి అదీ ఆగొచ్చు.

వెన్ను కింద నరానికి చిన్న కరెంటు ఇచ్చే పరికరం ఉంది, ఖర్చు లక్షల్లో. అందులో కూడా ముందు తాత్కాలికంగా తీగ పెట్టి కొన్నాళ్లు చూస్తారు. మేలు కనిపిస్తేనే లోపల అమరుస్తారు. ఏ టెస్టు రిపోర్టు కంటే ఆ కొన్నాళ్లే ఎక్కువ చెబుతాయి.

వ్యాయామం మాత్రం కాగితం మీద రాసి పంపకండి. ఎవరైనా ఒక్కసారి పక్కన కూర్చుని సరిగ్గా బిగిస్తున్నారో లేదో చూడాలి. గ్యాస్ ఆపుకుంటున్నట్టు లోపలికి లాగి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. చాలామంది పిరుదులు బిగిస్తారు, అది లెక్కకి రాదు.

నెల్లిమర్ల అబ్బాయి:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. చెల్లి తీసుకెళ్లి లేడీ డాక్టరుకి చూపించింది. వేలితో చూశారు. లోపల ముద్ద ఏమీ లేదు, బిగింపు తక్కువ, ముందువైపు పాత మచ్చ ఉందన్నారు. మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా కరిగే రకానికి మార్చి డోసు తగ్గించారు, షుగర్ వారం వారం చూసుకోమన్నారు. రాత్రి ఇసబ్గోల్. పొద్దున్న టీ తాగాక కాసేపటికి, రాకపోయినా వెళ్లి కూర్చోమన్నారు. నోటుబుక్కులో రోజూ రాస్తున్నాం. మొదటి వారం చీర పాడైంది ఆరుసార్లు. ఈ వారం రెండు. ఎనిమిది వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. అప్పటికి చాలినంత తగ్గకపోతే అల్ట్రాసౌండ్, మానోమెట్రీ రాస్తామన్నారు. నరాల టెస్టు ఆవిడ కూడా వద్దన్నారు.

బొబ్బిలి కోడలు:
రెండంటే మంచి కబురే తమ్ముడూ. కానీ ఆ ఎనిమిది వారాల తేదీ నోటుబుక్కు అట్ట మీద రాసి పెట్టు. ఆ తేదీ దాటాక కూడా రెండు దగ్గరే ఆగిపోతే, ఫర్వాలేదు తగ్గిందిగా అని మీ అమ్మగారే అంటారు. ఆవిడ మాట వినకు. టెస్టుకి తీసుకెళ్లు. బస్సు భయమైతే చెప్పు, పొద్దున్న రైలుకి నేనూ తోడు వస్తాను.