తాతయ్య షష్టిపూర్తికి పిల్లల చేతి ఆల్బమ్: ఉబ్బకుండా, అట్ట వంగకుండా ఎలా కట్టాలి?

శ్రావణమేఘం

అందరికీ నమస్కారం. దసరా సెలవులయ్యాక ఇంట్లో షష్టిపూర్తి ఉంది. పిల్లలు ఐదుగురూ కలిసి తాతయ్యకీ అమ్మమ్మకీ ఫోటోల ఆల్బమ్ చేసి ఇవ్వాలని పట్టుదలగా ఉన్నారు. వాళ్ల వయసులు 5, 7, 8, 10, 11. ఫోటోలు 24, అన్నీ 4×6 అంగుళాల ప్రింట్లు, అడ్డంగా తీసినవే. ఒక్కో ఫోటో కింద పిల్లలు రెండేసి వాక్యాలు రాస్తారు.

మందపాటి కాగితాలు మడిచి మధ్యలో కుట్టే పద్ధతి తెలుసు. కానీ అలా చేసిన ఆల్బమ్‌లలో ఫోటోలు అంటించాక పుస్తకం మూతపడదు, మడత దగ్గర కాగితం పగులుతుంది, గుడ్డ అంటించిన అట్ట ఆరాక విల్లులా వంగుతుంది. ఈ మూడూ రాకుండా, పిల్లలే ఎక్కువ పని చేసేలా ఏ పద్ధతి మంచిది? కొలతలతో చెబితే మేలు.

అట్ట_దారం

శ్రావణమేఘం గారూ, ఫోటో ప్రింటు మందం సుమారు పావు మిల్లీమీటరు. 24 ఫోటోలకి 6 మి.మీ. ఆ మందమంతా పేజీల మధ్యకి చేరుతుంది గానీ కుట్టు దగ్గరికి చేరదు. అందుకే పుస్తకం నోరు తెరుచుకుంటుంది. వెన్ను దగ్గర కూడా అంతే మందం మనమే ముందుగా పెట్టాలి. మధ్యకుట్టులో అది కుదరదు. విడి ఆకులు తీసుకుని, ఆకుకీ ఆకుకీ మధ్య సన్నటి పట్టీలు పెట్టి, పక్కన రిబ్బన్‌తో కట్టండి.

కావలసినవి: 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల బరువు) ఎ4 కార్డు కాగితాలు 10, 2 మి.మీ. మందం అట్ట, పలచని నూలు గుడ్డ, 70 సెం.మీ. రిబ్బన్, ఆఫీసుల్లో వాడే రెండు రంధ్రాల పంచ్.

ఎనిమిది ఎ4 కాగితాలను సగానికి కోస్తే 148×210 మి.మీ. ఆకులు 16 వస్తాయి. రెండు వైపులా ఫోటోలు పెడితే 12 చాలు, మిగిలిన నాలుగూ రాత చెడిపోతే మార్చుకోవడానికి. ఇది చిన్న విషయం కాదు. కుట్టిన పుస్తకంలో ఒక పేజీ మీద సిరా ఒలికితే పిల్లలు ఏడుపు ముఖం పెడతారు, ఇక్కడ ఆ ఒక్క ఆకు మార్చేస్తే సరి.

మిగతా రెండు కాగితాలనూ అలాగే సగం చేసి, 148 పొడవు, 50 మి.మీ. వెడల్పు పట్టీలు కోయండి. ఒక్కో సగంలో నాలుగు వస్తాయి. 11 పట్టీలను నిలువునా మడిస్తే 25 మి.మీ. వెడల్పు రెండు పొరల పట్టీలవుతాయి. ఎదురెదురు పేజీల్లో రెండు ఫోటోలుంటాయి కాబట్టి రెండు పొరలు. పన్నెండో పట్టీని మడవకుండా రెండు ముక్కలు చేసి ముందు అట్ట లోపల ఒకటి, వెనక అట్ట లోపల ఒకటి పెట్టండి. అక్కడ ఫోటో ఒక్కటే కాబట్టి ఒక్క పొర చాలు.

ఇక పగులు సంగతి. మిల్లు కాగితంలో నార ఎక్కువగా ఒకే దిక్కుకి పడుకుని ఉంటుంది, ప్రెస్సుల్లో దీన్ని గ్రెయిన్ అంటారు. నార వెంట మడిస్తే నున్నగా మడతపడుతుంది, నారకి అడ్డంగా మడిస్తే పగులుతుంది. ఎ4 కాగితాల్లో నార చాలావరకు పొడుగు వైపుకే ఉంటుంది. అందుకే ఎ4ని సగానికి మడిచి కుట్టే పుస్తకాలు పగిలేది. పైన చెప్పినట్టు కోసి, 148 మి.మీ. అంచును వెన్నుగా పెట్టుకుంటే నార వెన్నుకి సమాంతరంగా వస్తుంది. కొనేముందు కాగితాన్ని రెండు దిక్కులా మెల్లగా వంచి చూడండి, ఎటు సులువుగా వంగితే నార ఆ వంపు గీతకి సమాంతరం.

200 జీఎస్ఎం ఆకు దానంతట అది పడుకోదు. వెన్ను అంచు నుంచి 28 మి.మీ. దగ్గర స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత గీసి, అక్కడ ముందుకీ వెనక్కీ ఒక్కోసారి వంచండి. మిగిలే వెడల్పు 182. అందులో 152 మి.మీ. ఫోటో పెడితే పక్కల 15 చొప్పున ఉంటుంది. రాత కోసం ఫోటోని పైకి జరిపితే కింద 36 మి.మీ. దొరుకుతుంది.

పంచ్‌తో అన్ని ఆకులూ ఒకేసారి పొడవబోకండి, రంధ్రాలు జరుగుతాయి. అంచుని మధ్యకి, అంటే 74 మి.మీ. దగ్గర గుర్తు పెట్టి, పంచ్ మీదున్న మధ్య గుర్తుకి సరిగ్గా ఆనించి, ఒకటీ రెండూ చొప్పున పొడవాలి. మడిచిన పట్టీలకీ అంతే. రంధ్రాల మధ్య దూరం 80 మి.మీ., అంచు నుంచి 12 మి.మీ. వస్తుంది.

గంజిచీర

అట్ట విషయం నేను చెబుతాను. జిగురు తడికి గుడ్డ, కాగితం సాగుతాయి, ఆరేటప్పుడు ముడుచుకుంటాయి. ఒక వైపే అంటిస్తే ఆ లాగుడు అంతా ఒకే పక్క, అట్ట అటు వంగుతుంది. లోపలి వైపు కూడా కాగితం అంటిస్తే రెండు లాగుళ్లూ సరిపోతాయి. లోపలి కాగితం నార కూడా వెన్ను దిక్కుకే ఉండాలి. ఈ కాగితం మానేసి ఎంత బరువు పెట్టినా, బరువు తీశాక మళ్లీ వంగుతుంది.

పై కొలతలకి ఒక్కో అట్ట ఎత్తు 154 మి.మీ. వెడల్పులో రెండు ముక్కలు: వెన్ను వైపు 25, తర్వాత 5 మి.మీ. ఖాళీ, ఆపై 183. ఆ ఖాళీలో గుడ్డే మడతబందుగా పనిచేస్తుంది. గుడ్డ 194×253, అంటే నాలుగు వైపులా 20 మి.మీ. ఎక్కువ. మూలల్ని వాలుగా కోసేటప్పుడు అట్ట మూల నుంచి 3 మి.మీ. వదలండి, మరీ ఆనించి కోస్తే మూల దగ్గర అట్ట బయటపడుతుంది. లోపలి కాగితం 148×207.

పెడన కలంకారీ ముక్క దొరికితే షష్టిపూర్తికి ఎంతో నప్పుతుంది. ముందు ఉతికి, చిక్కటి గంజి పెట్టి, ఇస్త్రీ చేయండి. గంజి దారాల సందుల్ని మూస్తుంది కాబట్టి జిగురు పైకి మరకగా రాదు. గంజి లేని పలచని గుడ్డ మీద ఫెవికాల్ మరక పడితే ఇక పోదు. జిగురు అట్టకే పూయాలి, గుడ్డకి కాదు.

జిగురుకి ఒక వంతు మైదా, ఐదు వంతుల నీళ్లు. ముందు కొంచెం చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మిగతా నీళ్లు పోసి, సన్నసెగ మీద తిప్పుతూ మెరుపు వచ్చేదాకా ఉడికించండి. చల్లారాక దానికి సమంగా తెల్ల ఫెవికాల్ కలిపితే, గుడ్డ వంకరగా పడినా లేపి మళ్లీ సర్దుకునే వ్యవధి ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. బైండింగ్ షాపుల్లో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లలు చేతులు పెట్టే జిగురులో వద్దే వద్దు.

అంటించాక తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పేర్చి ఒక రాత్రంతా ఉంచండి. న్యూస్‌పేపర్ పెడితే తడికి దాని సిరా అంటుకుంటుంది.

బొమ్మలబడి

పనుల పంపకం గురించి ఒక మాట. కటర్ కత్తి పెద్దవాళ్లదే. పంచ్ పొడవడం ఏడు, ఎనిమిదేళ్లవాళ్లకి బాగా నచ్చుతుంది. గీతలు, వంచడం, అట్టకి జిగురు పూయడం 10, 11 ఏళ్లవాళ్లకి. అయిదేళ్ల చిన్నారికి ఆల్బమ్‌లో ఏదో ఓ చిన్న పని ఇచ్చి కూర్చోబెట్టకండి, తనదంటూ ఒక పుస్తకం ఉండాలి. ఒక ఎ4 మామూలు కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి, విప్పి, పొడుగు మడత మీద మధ్య రెండు గళ్ల పొడవునా కోసి, కాగితాన్ని ఆ పొడుగు మడత మీదే మడిచి, రెండు చివర్లనీ లోపలికి నెడితే కోత తెరుచుకుని, జిగురు లేకుండా 74×105 మి.మీ. ఎనిమిది పేజీల పుస్తకం వస్తుంది. దానికి ఆల్బమ్ వెనక అట్ట లోపల ఒక కాగితం జేబు అంటించండి.

ఫోటోలకి జిగురు వద్దు. నీళ్ల జిగురుతో ప్రింటు వెనక ఉబ్బులు వస్తాయి, ఇంట్లో ఇంక్‌జెట్ మీద తీసినదైతే రంగు కారుతుంది. సెల్లోటేపు కొన్నేళ్లకి పచ్చబడుతుంది. 15 మి.మీ. వెడల్పు, 30 పొడవు కాగితం ముక్కని రెండు చివర్లూ మధ్యకి మడిస్తే మూలకవరు అవుతుంది. ఫోటోకి నాలుగు, మొత్తం 96 కావాలి. పిల్లలు రెండు పూటల్లో చేసేస్తారు. జిగురు ఆ మూలకవర్ల వెనకే, చుక్కంత.

రాత ముందు, మూలకవర్లు తర్వాత, కట్టడం అన్నిటికంటే ఆఖర. పెన్సిల్‌తో వాక్యాలు రాయించి, దిద్ది, తర్వాతే పెన్ను ఇవ్వండి. భాష మాత్రం వాళ్లదే ఉంచండి.

శ్రావణమేఘం

ఎంతో వివరంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం. 2 మి.మీ. అట్టకి పంచ్ పనిచేయదు కదా, రంధ్రాలు ఎలా? రిబ్బన్ ఎంత బిగించాలి?

అట్ట_దారం

అట్ట పూర్తిగా ఆరాకే రంధ్రాలు వేయాలి, తడి మీద వేస్తే గుడ్డ పోగులు లేస్తాయి. ఆకుని 25 మి.మీ. ముక్క మీద పెట్టండి. వెన్ను అంచులు సమంగా, ఎత్తులో పైనా కిందా 3 మి.మీ. చొప్పున వదిలి, రంధ్రాల గుర్తులు పెన్సిల్‌తో వేసుకోండి. కింద చెక్క పీట పెట్టి 6 మి.మీ. బిట్‌తో డ్రిల్ చేస్తే శుభ్రంగా వస్తుంది, ఇది పెద్దవాళ్ల పని. డ్రిల్ లేకపోతే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలుకి వాడే గొట్టం ఉలి ఉంటుంది, సుత్తితో రెండు దెబ్బలు చాలు.

రిబ్బన్ రెండు కొసలూ వెనక నుంచి పెట్టి ముందువైపు ముడి వేయండి. కొసలకి సెల్లోటేపు చుడితే రంధ్రాల్లోంచి సులువుగా దూరతాయి, తర్వాత ఆ కొస కత్తిరించేయండి. కట్టేటప్పుడు మధ్యలో ఒక ఆకు తెరిచి ఉంచి బిగించండి. గీసిన గీత దగ్గర ఆకు బల్లపరుపుగా పడుకుంటే బిగింపు సరిపోయినట్టు, లేచి నిలబడితే కొంచెం వదులు చేయండి.