మొదటి ఉప్పునీటి అక్వేరియానికి ఎన్ని లీటర్ల ట్యాంకు సరైనది?

తీరవాసి:
మంచినీటి చేపలను పెంచిన అనుభవం ఉన్న నేను ఇప్పుడు మొదటిసారి ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకుంటున్నాను. ఎవరిని అడిగినా రెండు విరుద్ధమైన సలహాలలో ఒకటి వినిపిస్తోంది. ట్యాంకు ఎంత పెద్దదైతే కొత్తవారికి అంత సులువని కొందరు చెబుతుంటే, చిన్నదానితో నేర్చుకున్నాకే పెద్దదాని జోలికి వెళ్లమని మరికొందరు అంటున్నారు. నా దగ్గర రెండడుగుల పొడవున్న 60 లీటర్ల ట్యాంకు ఖాళీగా ఉంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల ట్యాంకు, అంటే దాదాపు 190 లీటర్లది, కొత్తగా తీసుకోవడానికీ సిద్ధంగా ఉన్నాను. ఒక జత క్లౌన్ ఫిష్‌ను, కొన్ని మెత్తటి పగడాలను, కుదిరితే ఒక బ్లూ టాంగ్‌ను ఉంచాలని కోరిక. ఏది ఎంచుకోవాలో కారణంతో సహా చెప్పవలసిందిగా మనవి.

కెరటం:
సందేహించకుండా 190 లీటర్ల ట్యాంకు తీసుకోండి. పగడపు దిబ్బల దగ్గర సముద్రపు నీటి గుణం రోజు రోజుకూ పెద్దగా మారదు కాబట్టి, అక్కడి జీవులకు ఆకస్మిక మార్పులను తట్టుకునే అలవాటు లేదు. కిలో నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు, 1.025 నుంచి 1.026 వరకు సాపేక్ష సాంద్రత, 24 నుంచి 27 డిగ్రీల ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి. నీరు ఆవిరైనప్పుడు ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతుంది గనుక, మనం మంచినీరు పోసి ఆ లోటు తీర్చేదాకా లవణీయత పెరుగుతూనే ఉంటుంది. 60 లీటర్ల ట్యాంకులో నీరు మూడో వంతు కన్నా తక్కువ కాబట్టి ఈ పెరుగుదల మూడు రెట్లకు పైగా వేగంగా ఉంటుంది. హీటర్ ఆగినప్పుడు చిన్న ట్యాంకు త్వరగా చల్లబడుతుంది కూడా. నేర్చుకునే దశలో ఉన్నవారికి కావలసింది తేరుకునే వ్యవధి, దాన్ని ఇచ్చేది నీటి పరిమాణమే.

గవ్వ:
కెరటం గారి ఆవిరి లెక్కను నేను అంగీకరించలేను. నీరు ఆవిరయ్యేది ట్యాంకు పైభాగపు వైశాల్యాన్ని బట్టి గానీ లీటర్లను బట్టి కాదు. చిన్న ట్యాంకు పైభాగం సుమారు 1,800 చదరపు సెంటీమీటర్లయితే, పెద్దదానిది 4,000 పైచిలుకు. చిన్నదాంట్లో రోజుకు ఒక లీటరు ఆవిరైతే పెద్దదాంట్లో రెండుంబావు లీటర్లు ఆవిరవుతాయి. రెండూ నిండుగా ఉన్నాయనుకుని, రెండు రోజులు మంచినీరు పోయడం మరిచిపోయామనుకుందాం. చిన్నదాని లవణీయత 35 నుంచి 36.2కు, పెద్దదానిది 35.85కు చేరుతుంది. తేడా ఉన్నమాట నిజమే గాని మూడు రెట్లు మాత్రం కాదు. పైగా నీటిమట్టం తగ్గగానే తనంతట తానే మంచినీరు నింపే ఆటో టాపప్ పరికరం పెట్టుకుంటే ఆ తేడా కూడా దాదాపు మాయమవుతుంది.

ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. పెద్ద ట్యాంకు చెడడానికి ఎంత సమయం పడుతుందో బాగుపడటానికీ అంతే పడుతుంది. చేపల వ్యర్థాల నుంచి చివరకు నీటిలో మిగిలే నైట్రేట్ విపరీతంగా పెరిగిందనుకోండి, చిన్న ట్యాంకులో సగం నీరు మార్చడానికి 30 లీటర్ల ఉప్పునీరు చాలు, దానిని ఒక పెద్ద బకెట్టులో ఒక సాయంత్రమే సిద్ధం చేయవచ్చు. 190 లీటర్ల ట్యాంకుకు అదే పని చేయాలంటే 95 లీటర్ల నీరు, మూడు కిలోలకు పైగా ఉప్పు కావాలి. కొత్తగా మొదలుపెట్టినవారు చాలాసార్లు ఆ శ్రమకు వెనుకాడి వాయిదా వేస్తారు. చిన్న ట్యాంకులో చూడగలిగే జీవితం కూడా తక్కువదేమీ కాదు. ఒకే బొరియలో కాపురముండే పిస్టల్ రొయ్య, గోబీ చేపల జంటను పెద్ద ట్యాంకులో వెతుక్కోవాలి, చిన్నదాంట్లో అవి కళ్లెదుటే ఉంటాయి. రొయ్య తవ్వుతుంటే గోబీ కాపలా కాయడం చూసినవారెవరూ ఆ ట్యాంకును తక్కువ చేసి మాట్లాడరు.

లోతునీరు:
పై రెండు వాదనలలోనూ ట్యాంకు చూసుకోవడంలో జరిగే రెండు వేర్వేరు రకాల పొరపాట్లు కలగలిసిపోయాయి, వాటిని విడదీస్తే తప్ప ఈ ప్రశ్న తేలదు. కొన్ని పొరపాట్లు ట్యాంకుతో పాటే పెరుగుతాయి. ఆవిరి అటువంటిది, ట్యాంకు పెద్దదయ్యేకొద్దీ ఆవిరయ్యే నీరూ పెరుగుతుంది కాబట్టి అక్కడ లీటర్ల బలం కొంతవరకే పనికొస్తుంది. మరికొన్ని పొరపాట్లకు ట్యాంకు ఎంతదన్న పట్టింపు లేదు. రాళ్ల వెనుక కనిపించకుండా చచ్చిపోయిన ఒక క్లౌన్ ఫిష్ కుళ్లి వదిలే అమ్మోనియా 60 లీటర్లలోనైనా 190 లీటర్లలోనైనా ఒక్కటే, కానీ చిన్న ట్యాంకులో దాని గాఢత మూడు రెట్లకు మించి ఉంటుంది. ఇంట్లో మరొకరు తెలియక వేసిన రెండో పూట మేత, నీటి క్షారత పెంచడానికి వేసే మందు చేయి జారి ఎక్కువ పడటం కూడా ఈ కోవకే చెందుతాయి. కొత్తవారు ఎక్కువగా చేసేవి సరిగ్గా ఈ రెండో రకం పొరపాట్లే కాబట్టి, లెక్కలో లోపమున్నా కెరటం గారు చేరిన నిర్ణయమే నాకు సరైనదిగా తోస్తోంది.

మంచినీటి నుంచి వచ్చేవారు మరొక విషయం గమనించాలి. ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటుంది. పీహెచ్ 7 వద్ద అమ్మోనియాలో చాలా కొద్ది భాగమే విషరూపంలో ఉంటుంది, పీహెచ్ 8.2 దగ్గర ఆ భాగం పది రెట్లకు పైగా అవుతుంది. మంచినీటి ట్యాంకులో పరీక్ష కిట్ చూపినా చేపలు తట్టుకున్న అంకె ఇక్కడ వాటి ప్రాణం తీయవచ్చు. లైవ్ రాక్ మీద, అంటే సూక్ష్మజీవులు నివసించే సముద్రపు రాళ్ల మీద, ఈ అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ట్యాంకు పెద్దదైనంత మాత్రాన ఆ గడువు తగ్గదు.

గవ్వ:
లోతునీరు గారు చేసిన విభజన బాగుంది. అయితే అది చేపల సంఖ్య సమానంగా ఉన్నప్పుడే నిలుస్తుంది. 190 లీటర్ల ట్యాంకు కొన్న కొత్తవారు అందులో రెండే చేపలతో ఆగరు. ఖాళీ కనిపిస్తుంది, వెంటవెంటనే ఆరో ఏడో వేస్తారు, దాంతో పెద్ద నీరు ఇచ్చిన వెసులుబాటు అంతా ఖర్చయిపోతుంది. చిన్న ట్యాంకు మొదటి రోజు నుంచే హద్దు నేర్పుతుంది.

లోతునీరు:
ఆ హద్దును కొనుగోలు చేసేటప్పుడు రాసుకున్న జాబితాతోనూ పాటించవచ్చు. ప్రాణులను ప్రమాదానికి దగ్గరగా ఉంచి మనిషికి నిగ్రహం నేర్పడం నాకు సమ్మతం కాదు.

చుక్కాని:
తీరవాసి గారు బ్లూ టాంగ్ అన్న మాటను ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. ఆ చేప పూర్తిగా పెరిగితే 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, రోజంతా దూరాలు ఈదుతుంది. అది అడుగున్నర వెడల్పు ట్యాంకులో తిరగడానికే ఇబ్బంది పడుతుంది. దానికి 190 లీటర్లూ చాలవు, కనీసం ఆరడుగుల పొడవున్న ట్యాంకు కావాలి. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకుని పెరిగాక మారుద్దామనే ఆలోచన దయచేసి పెట్టుకోకండి. అలా మార్చడం కోసం పెద్ద ట్యాంకు కొన్నవారికంటే, అదే ట్యాంకులో చేప కుంచించుకుపోవడం చూసినవారే ఎక్కువమంది నాకు తెలుసు. దాని బదులు సుమారు 8 సెంటీమీటర్లకు మించని రాయల్ గ్రామా గాని బంగాయ్ కార్డినల్ గాని ఎంచుకోవచ్చు. బంగాయ్ కార్డినల్ ఇండోనేషియాలోని బంగాయ్ దీవుల చుట్టూ మాత్రమే సహజంగా దొరికే చేప కాబట్టి, సముద్రంలో పట్టినదాన్ని కాక పెంపకంలో పుట్టినదాన్నే అడిగి తీసుకోవడం మంచిది.

బరువు సంగతి కూడా చూడండి. ఉప్పునీరు లీటరుకు కిలో పైమాటే. రాళ్లు, ఇసుక, గాజు, స్టాండు కలిస్తే 190 లీటర్ల ట్యాంకు 300 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. వారానికి పది శాతం చొప్పున నీరు మార్చాలంటే 19 లీటర్లు మోయాలి, ఉప్పు 700 గ్రాముల దాకా పడుతుంది. ఇది ఒక్క మనిషి ఏళ్ల తరబడి చేయగల పని. ఎంత పెద్దదైతే అంత సులువనే సలహా ఇక్కడితో ఆగాలని నా అభిప్రాయం, ఎందుకంటే 500 లీటర్ల ట్యాంకుకు ఆ నీరు వారానికి 50 లీటర్లవుతుంది.

తీరవాసి:
అందరికీ కృతజ్ఞతలు. బ్లూ టాంగ్ ఆలోచన మానుకున్నాను. 190 లీటర్ల ట్యాంకులో ఒక జత క్లౌన్ ఫిష్‌ను, ఒక రాయల్ గ్రామాను మాత్రమే ఉంచుతాను, మొదటి ఏడాదిలో నాలుగో చేపను చేర్చను. ఆటో టాపప్ మొదటి రోజు నుంచే ఉంటుంది. అయితే 60 లీటర్ల ట్యాంకును ఎవరికైనా ఇచ్చేయమంటారా?

గవ్వ:
మీకు చిన్న ట్యాంకే మేలన్న నా అభిప్రాయం మారలేదు. అయినా దాన్ని ఇచ్చేయకండి. కొత్తగా తెచ్చిన చేపలను పెద్ద ట్యాంకులో వదలడానికి ముందు నాలుగు వారాలైనా విడిగా ఉంచడానికి అది సరిగ్గా సరిపోతుంది. ఒంటిమీద తెల్లచుక్కలు కనిపించే క్రిప్టోకారియాన్ జబ్బు ప్రధాన ట్యాంకులోకి వస్తే, దాన్ని నయం చేసే రాగి మందును అక్కడ వేయలేరు, అది రొయ్యలను, పగడాలను చంపేస్తుంది. 60 లీటర్ల ట్యాంకులో మాత్రం రాయి గాని ఇసుక గాని వేయకండి, అవి రాగిని పీల్చుకుని మోతాదును తారుమారు చేస్తాయి. చేపలు దాగడానికి నాలుగు ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు చాలు. ఫిల్టర్ కోసం ఒక స్పాంజిని ఇప్పటినుంచే ప్రధాన ట్యాంకు నీటిలో నానబెట్టి ఉంచితే, చేపలు వచ్చేనాటికి దాని మీద బ్యాక్టీరియా సిద్ధంగా ఉంటుంది.