సినిమా పాటల నుంచి మిగతా సంగీతాల్లోకి వెళ్లే దారేది?

కావలి నుంచి ప్రశ్న:
యూట్యూబ్‌లో ఎంత వెతికినా విన్న సినిమా పాటలే తిరిగి తిరిగి వస్తున్నాయి. కర్ణాటకం, హిందుస్తానీ, బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల సంగీతం), పద్యనాటకం అన్నిట్లోనూ నచ్చేవి దొరుకుతాయని నమ్మకం ఉంది. కచేరీ పెడితే మాత్రం పది నిమిషాలకే ధ్యాస జారిపోతోంది. సంగీతం నేర్చుకోలేదు, ఇంట్లో చిన్న కీబోర్డు ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒంగోలు:
రాగం పేరుతో వెతకండి. తెలిసిన స్వరాలే కొత్తచోట ఎదురైతే చెవి నిలుస్తుంది. 'మాయాబజార్' (1957)లో 'లాహిరి లాహిరి' మోహన రాగం. పల్లవి నోటికొచ్చేదాకా వినండి. తర్వాత కీబోర్డు మీద నల్లమెట్లు చూడండి, రెండేసి మూడేసి గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదాన్ని 'స' అనుకుని కుడివైపుకి నల్లవే వరసగా నొక్కితే స రి గ ప ధ, ఆపైన మళ్లీ స. మ, ని ఉండవు. అదే మోహన.

ఆ మీదట అదే రాగంలో 'నిన్ను కోరి' వర్ణం (సాధారణంగా కచేరీ మొదట్లో పాడే రచన). అందులో సాహిత్యం కొంచెం, స్వరాలే ఎక్కువ కాబట్టి రాగం తేలిగ్గా పట్టుబడుతుంది. హిందుస్తానీలో ఇవే స్వరాలు భూపాలీ. విలంబిత్ (బాగా నెమ్మదిగా పాడేది) జోలికి ఇప్పుడే పోకండి, ద్రుత్ బందిష్ (వేగంగా సాగే పాట) వినండి. భూపాలీలో ప్రాధాన్యం గాంధారానిది (గ). అవే స్వరాలతో ధైవతానికి (ధ) ప్రాధాన్యమిస్తే దేశ్‌కార్ అవుతుంది. నాకైతే ఈ రెండూ పక్కపక్కన వినడమే రాగమంటే ఏమిటో తెలుసుకునే దగ్గరి దారి.

నెల్లూరు:
అన్నా, ఆ నల్లమెట్లలోనే ఇంకో నాలుగు రాగాలున్నాయి. రెండో మెట్టు 'స' అయితే మధ్యమావతి, మూడోది హిందోళం, నాలుగోది శుద్ధసావేరి, అయిదోది శుద్ధధన్యాసి. బ్లూస్, రాక్ గిటార్ సోలోలు ఎక్కువగా ఈ చివరి వరస మీదే నడుస్తాయి. బ్లూస్ వాళ్లు అందులో ప్రతిమధ్యమం (ఆ వరసలోని మ, ప మధ్య ఉండే స్వరం) కూడా తగిలించి, తీగను పక్కకు లాగి స్వరాన్ని వంచుతారు. వీణ మీద గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) విన్నవాళ్లకి ఆ లాగుడు కొత్తగా అనిపించదు.

యూట్యూబ్‌లో పాత వాచ్ హిస్టరీ చెరిపి, ఇకముందు నమోదు కాకుండా ఆపి, ఆటోప్లే తీసేయండి. పాత హిస్టరీ ఉన్నంతకాలం అవే పాటలు తెచ్చిపెడుతుంది.

కావలి:
మూడో నల్లమెట్టు నుంచి వాయించినా ఇంకా మోహనలాగే ఉంది. ఎందుకని?

నెల్లూరు:
శ్రుతి (వెనకాల ఆధారంగా మోగే 'స') మారలేదు. తంబూరా యాప్ నాలుగున్నరలో (మొదటి నల్లమెట్టు శ్రుతి) మోగుతుంటే చెవి పాత 'స'నే పట్టుకుంటుంది. ఆరున్నరకి (మూడో నల్లమెట్టు) మార్చండి. హిందోళంలో పంచమం (ప) లేదు, అందుకని తంబూరాలో 'ప-స' తీసి 'మ-స' పెట్టాలి. యాప్ లేకపోతే ఎడమచేత్తో కింది 'స' నొక్కిపట్టి, కుడిచేత్తో వాయించండి.

కంభం:
పద్యం గురించి ఎవరూ చెప్పలేదు. దానికి తాళం ఉండదు, దరువు కోసం కాచుకుంటే విసుగొస్తుంది. ఏ మాట దగ్గర విరుస్తున్నారు, చివరి పాదం తర్వాత రాగం ఎంతదూరం తీస్తున్నారు, అది గమనించండి. హార్మోనియం మెట్టు నుంచి మెట్టుకి దూకాల్సిందే, గొంతు మాత్రం మధ్యలో జారుతూ పోతుంది. రెండింటికీ ఉన్న ఆ ఎడంలోనే పద్యం రుచి ఉంది.

కచేరీకి రాగం తానం పల్లవితో (ఒకే రాగాన్ని చాలాసేపు విస్తరించి పాడే అంశం) మొదలెట్టొద్దు. అయిదు నుంచి ఎనిమిది నిమిషాల త్యాగరాజ కృతి చాలు (ఆయన పూర్వీకులది మా పక్క కాకర్ల అంటారు, ఆ అభిమానం కూడా ఉందిలెండి). పల్లవిలో ఒకే వరసని మళ్లీ మళ్లీ పాడుతూ ప్రతిసారీ ఒక కొత్త మలుపు చేరుస్తారు, వాటినే సంగతులంటారు. వేళ్ల మీద లెక్కపెడుతూ వింటే ధ్యాస చెదరదు. అదే కృతిని ముగ్గురు పాడగా విని, ఎవరి గొంతు నచ్చితే వాళ్ల కచేరీ పూర్తిగా పెట్టుకోండి.